బిజో ఇమ్మాన్యుయేల్ - కేరళ రాష్ట్రం కేసు

'''బిజో ఇమ్మాన్యుయేల్ - కేరళ రాష్ట్రం కేసు''' పాఠశాలలో జాతీయగీతం పాడడానికి మతవిశ్వాసం కారణంగా నిరాకరించిన ముగ్గురు విద్యార్థుల హక్కులకు సంబంధించి భారత సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న తీర్పు చెప్పిన వ్యాజ్యం. న్యాయమూర్తులు ఓ. చిన్నప్ప రెడ్డి, ఎం.ఎం. దత్‌లతో కూడిన ధర్మాసనం ఈ తీర్పును వెలువరించింది. జాతీయగీతం ఆలపించే సమయంలో మర్యాదగా లేచి నిలబడిన విద్యార్థి, తన మతవిశ్వాసం వల్ల గొంతు కలపనంత మాత్రాన గీతాన్ని అవమానించినట్లు కాదని, ఆ కారణంగా పాఠశాల నుండి తొలగించడం రాజ్యాంగం ప్రసాదించిన వాక్ స్వాతంత్ర్యానికీ, మత స్వేచ్ఛకూ భంగకరమని న్యాయస్థానం నిర్ణయించింది. భారతదేశంలో మత స్వేచ్ఛకు సంబంధించిన ముఖ్యమైన తీర్పులలో ఇది ఒకటిగా పరిగణించబడుతున్నది. ఇది సాధారణంగా '''జాతీయగీతం కేసు'''గా ప్రసిద్ధి చెందింది.

== నేపథ్యం ==

=== పాఠశాలల్లో దేశభక్తి కార్యక్రమాలు ===

భారతదేశంలోని అధిక సంఖ్యాక పాఠశాలల్లో ప్రార్థనా సమావేశంతో దినచర్య మొదలవుతుంది. ఈ సమావేశంలో ప్రార్థన, ప్రతిజ్ఞ, జాతీయగీతం సాధారణంగా ఉంటాయి. రవీంద్రనాథ్ ఠాగూర్ రచించిన ''జనగణమన'' 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి ఆలపించబడింది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ దానిని జాతీయగీతంగా స్వీకరించింది. ఈ గీతాన్ని ఠాగూర్ 1919లో మదనపల్లెలో ఉన్నపుడు ఆంగ్లంలోకి అనువదించాడు.

విద్యార్థులు ప్రతిదినం చెప్పే ప్రతిజ్ఞ కూడా తెలుగునాట పుట్టినదే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న కాలంలో దానిని తెలుగులో రచించాడు. 1965 జనవరి 26 నుండి దేశమంతటా పాఠశాలల్లో చదివించడం మొదలయింది.

జాతీయగీతం గురించి కేంద్ర హోం మంత్రిత్వ శాఖ జారీ చేసిన ఉత్తర్వుల ప్రకారం, గీతం ఆలపించునపుడు సభికులు లేచి నిటారుగా నిలబడాలి. పాఠశాలల్లో సామూహిక గీతాలాపనతో దినచర్యను ప్రారంభించవచ్చునని కూడా ఆ ఉత్తర్వులలో ఉంది. అయితే సమావేశంలో ఉన్న ప్రతి వ్యక్తీ తప్పనిసరిగా గొంతు కలపాలన్న చట్టం ఏదీ ఈ వ్యాజ్యం నడిచిన కాలంలో లేదు. ఈ విషయమే తరువాత కేసులో కీలకంగా మారింది.

=== యెహోవా సాక్షులు ===

యెహోవా సాక్షులు క్రైస్తవంలోని ఒక శాఖ. 19వ శతాబ్దపు చివరి భాగంలో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఛార్లెస్ టేజ్ రస్సెల్ ప్రారంభించిన బైబిలు అధ్యయన ఉద్యమం నుండి ఈ శాఖ ఏర్పడింది. ప్రస్తుత నామాన్ని వీరు 1931లో స్వీకరించారు. ఆరాధన దేవునికి మాత్రమే చెందాలని, దేశాలకు గాని, వాటి చిహ్నాలకు గాని ఆరాధనాపూర్వకమైన వందనం చేయరాదని వీరి విశ్వాసం. అందువల్ల వీరు ఏ దేశంలో నివసిస్తున్నా ఆ దేశపు జాతీయగీతం పాడరు, పతాక వందనం చేయరు, సైన్యంలో చేరరు. అయితే ప్రభుత్వ చట్టాలకు లోబడి ఉండడం, పన్నులు చెల్లించడం తమ బాధ్యత అని భావిస్తారు.

ఈ విశ్వాసం వల్ల ఇరవయ్యవ శతాబ్దంలో పలు దేశాలలో వీరికి కష్టాలు ఎదురయ్యాయి. నాజీల పాలనలోని జర్మనీలో హిట్లరు వందనం చేయడానికి నిరాకరించినందుకు వీరి పిల్లలు పాఠశాలల నుండి తొలగించబడ్డారు. అనేకులు నిర్బంధ శిబిరాల పాలయ్యారు.

== సంఘటన ==

కేరళలోని కొట్టాయం జిల్లాకు చెందిన ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలు 1985లో ఒకే ఉన్నత పాఠశాలలో పది, తొమ్మిది, ఐదు తరగతులలో చదువుకుంటున్నారు. ఆ కుటుంబం యెహోవా సాక్షుల శాఖకు చెందినది. ఉదయపు సమావేశంలో జాతీయగీతం ఆలపించేటపుడు ఈ పిల్లలు మిగిలిన వారితో పాటు లేచి మర్యాదగా నిలబడేవారు గాని పాడేవారు కాదు. అంతకు పూర్వం అదే పాఠశాలలో చదివిన వారి అక్కలు కూడా ఇదే విధంగా నడచుకున్నారు. ఎవరూ దానిని తప్పుగా ఎంచలేదు.

1985 జూలైలో ఒక శాసనసభ్యుడు ఈ విషయాన్ని గమనించి, పిల్లలు పాడకపోవడం దేశభక్తికి విరుద్ధమని భావించి, శాసనసభలో ప్రశ్న లేవనెత్తాడు. ప్రభుత్వం విచారణకై ఒక సంఘాన్ని నియమించింది. ఆ పిల్లలు చట్టానికి లోబడి నడచుకునేవారేననీ, జాతీయగీతం పట్ల ఏవిధమైన అగౌరవమూ చూపలేదనీ ఆ సంఘం నివేదించింది. అయినప్పటికీ పాఠశాలల ఉప తనిఖీ అధికారి ఆదేశం మేరకు ప్రధానోపాధ్యాయిని 1985 జూలై 26న ముగ్గురినీ పాఠశాల నుండి తొలగించింది. ప్రభుత్వం నుండి ఉత్తర్వు వచ్చేవరకైనా పిల్లలను తరగతులకు రానివ్వవలసిందిగా తండ్రి కోరగా, ఆమె తన నిస్సహాయతను తెలిపింది.

== హైకోర్టులో ==

తమను పాఠశాలకు రాకుండా అడ్డగించరాదని ఆదేశించవలసిందిగా పిల్లలు కేరళ హైకోర్టులో రిట్ పిటిషను దాఖలు చేశారు. మొదట ఏక న్యాయమూర్తి, తరువాత అప్పీలుపై ధర్మాసనం ఈ పిటిషనును తోసిపుచ్చాయి. జాతీయగీతంలోని ప్రతి పదాన్నీ, ప్రతి భావాన్నీ పరిశీలించిన హైకోర్టు, ఎవరి మతవిశ్వాసాన్నైనా నొప్పించే మాట అందులో ఏదీ లేదనే నిర్ణయానికి వచ్చింది. దీనిపై పిల్లలు ప్రత్యేక అనుమతితో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకున్నారు.

== సుప్రీంకోర్టు ముందున్న ప్రశ్నలు ==

సుప్రీంకోర్టు పరిశీలించిన ముఖ్యాంశాలు ఇవి:

* జాతీయగీతం పాడకపోవడం దానిని అవమానించడమేనా?
* పాడి తీరాలని విద్యార్థులను నిర్బంధించే చట్టం ఏదైనా ఉన్నదా?
* తొలగింపు ఉత్తర్వు రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం హామీ ఇచ్చిన వాక్, భావ ప్రకటనా స్వాతంత్ర్యానికి భంగకరమా?
* 25వ అధికరణం హామీ ఇచ్చిన అంతఃకరణ స్వేచ్ఛకు, మతాన్ని ఆచరించే స్వేచ్ఛకు అది భంగకరమా?

== తీర్పు ==

జస్టిస్ చిన్నప్ప రెడ్డి రాసిన తీర్పులో న్యాయస్థానం మొదట హైకోర్టు వేసుకున్న ప్రశ్నే సరైనది కాదని పేర్కొన్నది. పిల్లల అభ్యంతరం గీతంలోని భాషపై గాని, భావంపై గాని కాదు. వారి శాఖీయులు భారతదేశంలో ''జనగణమన'' పాడనట్లే బ్రిటనులోను, అమెరికాలోను అక్కడి జాతీయగీతాలు పాడరు. కనుక గీతంలో మతవిరుద్ధమైన పదం ఉన్నదా, లేదా అని వెదకడం వల్ల ప్రయోజనం లేదు.

=== అవమానం, అగౌరవం ===

రాజ్యాంగంలోని 51ఎ(ఎ) అధికరణం ప్రకారం రాజ్యాంగాన్ని, జాతీయపతాకాన్ని, జాతీయగీతాన్ని గౌరవించడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి. ఈ అధికరణం 1976 నాటి 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరింది. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం, 1971లోని 3వ సెక్షను ప్రకారం, జాతీయగీతం పాడకుండా ఉద్దేశపూర్వకంగా ఇతరులను అడ్డుకోవడం, లేక గీతం పాడుతున్న సభకు అంతరాయం కలిగించడం నేరం. దీనికి మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

ఈ పిల్లలు ఎవరినీ అడ్డుకోలేదు, సభకు అంతరాయం కలిగించలేదు. గీతం ఆలపించునపుడు లేచి నిలబడడమే తగిన గౌరవమని, గౌరవంగా నిలబడిన వ్యక్తి పాడనంత మాత్రాన అగౌరవం చూపినట్లు కాదని న్యాయస్థానం నిర్ణయించింది.

=== వాక్ స్వాతంత్ర్యం ===

19(1)(ఎ) అధికరణం ఇచ్చిన స్వేచ్ఛపై ఆంక్షలు విధించాలంటే, 19(2) అధికరణం ప్రకారం వాటికి చట్టం ఆధారంగా ఉండాలి. పైగా ఆ ఆంక్షలు సముచితమైనవై, ఆ అధికరణంలో పేర్కొన్న దేశ భద్రత, ప్రజా శాంతి, మర్యాద వంటి ప్రయోజనాలకు సంబంధించినవై ఉండాలి. ఈ కేసులో అధికారులు ఆధారపడినవి కేరళ ప్రజా విద్యా సంచాలకులు 1961లోను, 1970లోను జారీ చేసిన రెండు సర్క్యులర్లు మాత్రమే. ఉపాధ్యాయులు, విద్యార్థులు పాటించవలసిన ప్రవర్తనా నియమావళిలో భాగంగా, పాఠశాల అంతా కలిసి జాతీయగీతం పాడాలని వాటిలో ఉంది. ఇవి శాఖాపరమైన సూచనలే గాని, వాటికి చట్టబలం లేదని, అందువల్ల వాటి ఆధారంగా ప్రాథమిక హక్కును పరిమితం చేయడానికి వీలులేదని న్యాయస్థానం పేర్కొన్నది. కార్యనిర్వాహక సూచనలు చట్టంతో సమానం కావని పూర్వం ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమే దీనికి ఆధారం.

=== మత స్వేచ్ఛ ===

25వ అధికరణం ప్రకారం అంతఃకరణ స్వేచ్ఛ, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ అందరికీ సమానంగా ఉంటాయి. ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యం, ఇతర ప్రాథమిక హక్కులు ఈ స్వేచ్ఛకు హద్దులు. ఒక విశ్వాసం ఈ అధికరణం కిందికి వస్తుందా అని నిర్ణయించేటపుడు న్యాయమూర్తుల సొంత అభిప్రాయాలకు తావులేదని తీర్పు చెబుతున్నది. ఆ విశ్వాసం తర్కానికి నిలుస్తుందా, లేదా అన్నది ప్రశ్న కాదు. అది మతాచరణలో భాగంగా నిజాయితీగా, మనస్సాక్షి ప్రకారం నమ్మిన విశ్వాసమా, కాదా అన్నదే ప్రశ్న. యెహోవా సాక్షుల నమ్మకాలు ఇతరులకు వింతగా తోచవచ్చును గాని, వారి చిత్తశుద్ధిని శంకించడానికి అవకాశం లేదని న్యాయస్థానం గుర్తించింది.

అత్యల్ప సంఖ్యలో ఉన్న వర్గం కూడా రాజ్యాంగం నీడలో తన ఉనికిని నిలుపుకోగలగడమే నిజమైన ప్రజాస్వామ్యానికి పరీక్ష అని, 25వ అధికరణాన్ని ఈ దృష్టితోనే అర్థం చేసుకోవాలని తీర్పు పేర్కొన్నది.

=== ఆదేశం ===

సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దుచేసింది. పిల్లలను తిరిగి పాఠశాలలో చేర్చుకోవాలని, వారి చదువు ఆటంకం లేకుండా సాగడానికి కావలసిన సౌకర్యాలు కల్పించాలని అధికారులను ఆదేశించింది. మన సంప్రదాయం, తత్వచింతన సహనాన్ని బోధిస్తున్నాయని, రాజ్యాంగం దానిని ఆచరణలో పెడుతున్నదని, దానిని పలుచన చేయరాదని చెబుతూ తీర్పు ముగుస్తుంది.

== ఇతర దేశాలలో ఇటువంటి కేసులు ==

ఈ తీర్పులో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా న్యాయస్థానాల తీర్పులు కూడా చర్చించబడ్డాయి.

* '''అమెరికా:''' పతాక వందనం చేయనందుకు పెన్సిల్వేనియాలో పాఠశాల నుండి తొలగించబడిన పిల్లల విషయంలో, 1940లో గోబైటిస్ కేసులో ఆ దేశపు సుప్రీంకోర్టు 8-1 ఆధిక్యతతో పాఠశాలకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెలువడిన తరువాత యెహోవా సాక్షులపై పలుచోట్ల దాడులు జరిగాయి. మూడు సంవత్సరాలకే, 1943 జూన్ 14న, బార్నెట్ కేసులో అదే న్యాయస్థానం 6-3 ఆధిక్యతతో తన పూర్వ నిర్ణయాన్ని మార్చుకున్నది. దేశభక్తి విషయంలో పౌరులు ఏమి నమ్మాలో ఏ అధికారీ నిర్దేశించజాలడని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ ఆ తీర్పులో పేర్కొన్నాడు. అప్పుడు రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండడం గమనార్హం.
* '''కెనడా:''' హామిల్టన్ నగర విద్యామండలిపై వేసిన కేసులో 1945లో ఆంటారియో అప్పీలు న్యాయస్థానం, పతాక వందనానికి, గీతాలాపనకు మతపరమైన అభ్యంతరం చెప్పిన పిల్లల పక్షాన తీర్పు చెప్పింది.
* '''ఫిలిప్పీన్స్:''' 1959లో జెరోనా కేసులో అక్కడి సుప్రీంకోర్టు పిల్లల తొలగింపును సమర్థించింది. 1993లో ఎబ్రాలినాగ్ కేసులో ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చి, విద్యార్థుల పక్షాన తీర్పు చెప్పింది.
* '''గ్రీసు:''' జాతీయ దినోత్సవ కవాతులో పాల్గొననందుకు ఒక విద్యార్థినిని ఒక దినం పాఠశాలకు రాకుండా చేసిన విషయంలో, 1996లో వల్సామిస్ కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం మత స్వేచ్ఛకు భంగం కలగలేదని భావించింది. అయితే ఆమెకు తన ఫిర్యాదును వినిపించుకోవడానికి దేశంలో తగిన మార్గం లేకపోవడం తప్పని చెప్పింది.
* '''జపాను:''' పాఠశాల వేడుకలలో జాతీయగీతం పాడునపుడు లేచి నిలబడాలని ఉపాధ్యాయులకు ఇచ్చిన ఆదేశాలు రాజ్యాంగబద్ధమేనని ఆ దేశపు సుప్రీంకోర్టు 2011లో నిర్ణయించింది.

ఈ ఉదాహరణలను బట్టి అన్ని దేశాల న్యాయస్థానాలూ ఒకే మార్గాన నడవలేదని తెలుస్తున్నది. విద్యార్థిపై విధించిన శిక్ష ఎంత తీవ్రమైనది, అడిగిన పని గౌరవ సూచకమా లేక విశ్వాస ప్రకటనా అన్న అంశాలు ఫలితాన్ని ప్రభావితం చేశాయి.

== తీర్పు పరిమితులు, విమర్శలు ==

ఈ తీర్పును గురించి కొన్ని అపోహలు ఉన్నాయి. జాతీయగీతాన్ని ఎవరైనా, ఏ విధంగానైనా పట్టించుకోకుండా ఉండవచ్చునని ఈ తీర్పు చెప్పలేదు. పిల్లలు లేచి నిలబడడం తీర్పులో ముఖ్యమైన అంశం. నిలబడడానికే నిరాకరించిన వారి విషయం ఈ కేసులో తలెత్తలేదు. అలాగే పాఠశాలలు గీతాలాపన నిర్వహించడాన్ని న్యాయస్థానం తప్పుపట్టలేదు. నిజాయితీగా మతపరమైన అభ్యంతరం ఉన్న విద్యార్థిని గొంతు కలపమని నిర్బంధించడం మాత్రమే చెల్లదన్నది.

మతంతో సంబంధం లేని నైతిక లేక రాజకీయ కారణాలతో అభ్యంతరం చెప్పేవారికి ఇదే రక్షణ లభిస్తుందా అన్నది చర్చనీయాంశం. 25వ అధికరణంలో మతంతో పాటు అంతఃకరణ స్వేచ్ఛ కూడా ఉన్నందున వారికీ వర్తిస్తుందని కొందరి వాదన. తీర్పు ప్రధానంగా మతవిశ్వాసం గురించి మాట్లాడినందున వర్తించదని మరి కొందరి వాదన.

ప్రాథమిక విధుల కన్నా వ్యక్తి విశ్వాసానికి ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడం జాతీయ సమైక్యతకు మంచిది కాదన్నది తీర్పుపై వచ్చిన ప్రధాన విమర్శ. అందరూ కలిసి పాడే పాటలో కొందరు మౌనంగా ఉంటే, పిల్లల మనస్సులలో ఐక్యతా భావం సన్నగిల్లుతుందని విమర్శకుల భావన. నిర్బంధించి పాడించిన పాట వల్ల భక్తి పుట్టదని, మౌనంగా నిలబడిన పిల్లల వల్ల పాడుతున్న వారి హక్కుకు ఏ లోటూ లేదని, చదువు కోల్పోవడం మాత్రం ఆ పిల్లలకు తీరని నష్టమని సమర్థకులు సమాధానం చెబుతారు.

== తరువాతి పరిణామాలు ==

'''సినిమా హాళ్లలో జాతీయగీతం:''' శ్యాం నారాయణ్ చౌక్సీ కేసులో 2016 నవంబరు 30న సుప్రీంకోర్టు, దేశంలోని సినిమా హాళ్లన్నింటిలో చిత్ర ప్రదర్శనకు ముందు జాతీయగీతం వినిపించాలని, ప్రేక్షకులు లేచి నిలబడాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 2018 జనవరి 9న ఆ ఉత్తర్వును సవరించి, గీతం వినిపించడం తప్పనిసరి కాదని, అది హాళ్ల యాజమాన్యాల ఇష్టమని పేర్కొన్నది. గీతం వినిపించినపుడు మాత్రం ప్రేక్షకులు గౌరవం చూపాలి.

'''వందేమాతరం:''' తమిళనాడులోని విద్యాసంస్థలలో వందేమాతరం పాడించాలని 2017 జూలైలో మద్రాసు హైకోర్టు ఆదేశించింది. అయితే తగిన కారణం చూపి పాడలేమన్న వారిని నిర్బంధించరాదని కూడా అదే తీర్పులో పేర్కొన్నది.

'''హిజాబ్ వివాదం:''' కర్ణాటకలోని విద్యాసంస్థలలో హిజాబ్ ధారణపై 2022 అక్టోబరు 13న ఇద్దరు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం భిన్నమైన తీర్పులను వెలువరించింది. విద్యార్థినుల పక్షాన తీర్పు రాసిన జస్టిస్ సుధాంశు ధూలియా బిజో ఇమ్మాన్యుయేల్ కేసుపై ప్రధానంగా ఆధారపడ్డాడు. ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించిన జస్టిస్ హేమంత్ గుప్తా విద్యార్థినుల అప్పీళ్లను తోసిపుచ్చాడు. భిన్నాభిప్రాయాల కారణంగా, తగిన ధర్మాసనాన్ని ఏర్పాటు చేయడానికై విషయం ప్రధాన న్యాయమూర్తికి నివేదించబడింది.

== తీర్పు రాసిన న్యాయమూర్తి ==

ఈ తీర్పును రాసిన జస్టిస్ ఓ. చిన్నప్ప రెడ్డి (1922 - 2013) తెలుగువాడు, అనంతపురం జిల్లాకు చెందినవాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, 1978 నుండి 1987 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నాడు. పదవీ విరమణ తరువాత కర్ణాటకలో వెనుకబడిన తరగతుల సంఘానికి అధ్యక్షత వహించాడు. భారత రాజ్యాంగంపైన, న్యాయస్థానాల పనితీరుపైన ఆయన ఆంగ్లంలో రాసిన గ్రంథం 2008లో వెలువడింది.

== ప్రాముఖ్యత ==

ఈ కేసు మూడు విషయాలను స్పష్టపరచింది. మొదటిది, ప్రాథమిక హక్కును శాఖాపరమైన సర్క్యులరుతో పరిమితం చేయడం చెల్లదు. రెండవది, మతవిశ్వాసపు విలువను న్యాయమూర్తి గాని, అధికారి గాని తన ఇష్టాన్ని బట్టి తూచరాదు. మూడవది, గౌరవం చూపడం వేరు, ఒక విశ్వాసాన్ని నోటితో ప్రకటించడం వేరు. మొదటిదానిని పౌరుని నుండి ఆశించవచ్చు. రెండవదానిని బలవంతంగా రాబట్టరాదు.

ఆచరణలో ఈ తీర్పు ప్రధానంగా ఉపయోగపడేది పాఠశాలలకే. ప్రార్థనా సమావేశంలో మౌనంగా నిలబడిన విద్యార్థి కనిపించినపుడు ఉపాధ్యాయుడు పరిశీలించవలసినది ఆ విద్యార్థి ప్రవర్తనను, చిత్తశుద్ధిని మాత్రమేనని ఈ తీర్పు వల్ల తెలుస్తున్నది. ఆ మౌనం ఇతరులకు ఆటంకం కానపుడు, దానికి శిక్షగా చదువును దూరం చేయడానికి రాజ్యాంగం అనుమతించదు.

== ఇవి కూడా చూడండి ==

* జనగణమన
* భారత జాతీయ ప్రతిజ్ఞ
* ప్రాథమిక హక్కులు
* ప్రాథమిక విధులు
* యెహోవా సాక్షులు
* ఓ. చిన్నప్ప రెడ్డి